ఉలా, కట్టరా, వాక్యూమా: గోడ సందుల్లో పాత మాలు తీయడానికి ఏది మేలు?

కడపలో మా ఇంటి ప్రహరీ రాతి కట్టుబడి. వీధి వైపు చెక్కిన నల్లరాయి, గేటుకు అటూ ఇటూ ఇటుక స్తంభాలు, వెనక వైపు చేతికి దొరికిన బండలు దొరికినట్టు పేర్చి కట్టిన గోడ. సందుల్లో పూసిన సిమెంటు మాలు ఎండకూ వానకూ పొక్కులు లేచి, వేలు పెడితే రాలుతోంది. వానలు మొదలయ్యేలోపు పాత మాలు తీసి కొత్తగా పాయింటింగ్ చేయిద్దామని మేస్త్రిని పిలిచాను. తాడిపత్రి వైపు మనిషి, బేల్దారి పనిలోనే తల నెరిసింది. గోడ చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, "కట్టర్ పెడితే రెండు రోజులప్పా. ఉలితో అయితే వారం" అన్నాడు.

"మరి దుమ్ము, మామా?"

"దుమ్ముకేముంది? తువ్వాలు కట్టుకుంటాం గదా."

ఈ పని చేయించేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది లెక్క అక్కడే ఆగిపోతుంది: ఎన్ని రోజులు, ఎంత కూలి. నేను సైట్ల మీద సూపర్‌వైజరుగా తిరిగినన్నాళ్లూ నా లెక్కా అదే. ఇప్పుడు ఈ పనికి పనిముట్టు ఎంచుకోవాలంటే నేను ముందు అడిగే ప్రశ్న వేరు. తీసిన మాలు పొడి అయ్యాక ఎటు పోతుంది? నేల మీద పడుతుందా, సంచిలోకి పోతుందా, మనిషి లోపలికి పోతుందా?

సున్నపురాయే గదా అంటారు

మన వైపు వాళ్లకు ఒక ధీమా ఉంది. కడప బండ అయినా, బేతంచెర్ల బండ అయినా, తాడిపత్రి బండ అయినా సున్నపురాయి జాతి, కాబట్టి క్వారీ గ్రానైటంత ప్రమాదం లేదు అని. కానీ సందులు తీసేటప్పుడు మనం కోసేది రాయిని కాదు, మాలును. ఒకటికి ఆరు మాలు అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక. పెన్నా ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే, అంటే స్ఫటిక సిలికా. గ్రానైటు దంచి చేసే ఎం-శాండ్‌లోనూ అది ఉంటుంది. కట్టర్‌లో నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే డైమండ్ బ్లేడు ఆ ఇసుక రేణువును పిండి కొట్టేస్తుంది.

తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోయే సిలికా పొడి 10 మైక్రాన్ల లోపు, అందులోనూ ఎక్కువగా 4 మైక్రాన్లూ అంతకంటే చిన్నదీ. అది కఫంతో పూర్తిగా బయటికి రాదు. పడ్డచోట ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే కొన్నేళ్లలోనే. నయం చేసే మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది. పైగా క్షయ తగులుకునే అవకాశాన్ని పెంచుతుంది. ఈ పొడి మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

ఎంత పొడి పీలిస్తే ఎక్కువ అన్నదానికి అమెరికా కార్మిక శాఖ పెట్టిన హద్దు చూడండి. ఎనిమిది గంటల పనికి సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు. కష్టపడే మనిషి ఒక షిఫ్టులో సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, రోజంతటికీ కలిపి అర మిల్లీగ్రాము. మన అంగట్లో దొరికే చక్కెర పలుకు ఒక్కటి అంతకంటే బరువు ఉంటుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో సిలికోసిస్ ఉండేది; 2025లో ఆ చట్టం స్థానంలోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉంది. మన బేల్దారి ఏ ఫ్యాక్టరీ హాజరు పట్టీలోనూ ఉండడు, అదీ తిరకాసు. అందుకే దగ్గుతో కడప రిమ్స్ ఆసుపత్రికో, కర్నూలు పెద్దాసుపత్రికో, అనంతపురం సర్వజన ఆసుపత్రికో పోయినప్పుడు "నేను ఇన్నేళ్లుగా సందులు కోసే పని చేస్తున్నా" అని డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. ఎక్సరేలో ఇదీ క్షయా ఒకదానికొకటి పోలి కనిపించే సందర్భాలు ఉన్నాయి. పని సంగతి తెలియకపోతే క్షయ మందులతోనే ఏళ్లు గడిచిపోతాయి.

కొత్త గోడ కడుతున్నవాళ్లకు

మీది ఇంకా కట్టని గోడ అయితే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. కట్టిన రోజు సాయంత్రమే, మాలు పచ్చిగా ఉండగానే, సందుల్ని పది పన్నెండు మిల్లీమీటర్ల లోతు గీకించేయండి. మొల కొట్టిన చెక్కముక్క చాలు. దుమ్మన్నదే రాదు. రేపు చేద్దాంలే అన్న మేస్త్రే మర్నాడు కట్టర్ తెస్తాడు.

ఉలి, సుత్తి

పాత గోడకు నేను మొదట చూసేది దీన్నే. నాకు పాతకాలం మీద మోజేమీ లేదు. ఉలి మాలును పెచ్చులుగా ఊడగొడుతుంది, కట్టర్ పిండి చేస్తుంది. పెచ్చు నేల మీద పడుతుంది, పిండి గాలిలో తేలుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఉలి మొన సందు వెడల్పుకంటే సన్నగా ఉండాలి. సందు పది మిల్లీమీటర్లయితే ఆరు ఎనిమిది మిల్లీమీటర్ల మొన. వెడల్పు ఉలి పెడితే ఇటుక అంచులు విరుగుతాయి. తీయాల్సిన లోతు సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు, అంటే పది మిల్లీమీటర్ల సందుకు ఇరవై, ఇరవైఐదు. అంతకంటే తక్కువ తీస్తే కొత్త మాలు పొరలా అంటుకుని రెండేళ్లకే రాలుతుంది. అప్పుడు మళ్లీ ఇదే దుమ్ము.

ఉలి పనికి దాని ప్రమాదాలు దానికున్నాయి. వాడివాడి ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుని, చుట్టూ ఇనుప రేకులు వేలాడుతుంటాయి. సుత్తి దెబ్బకు ఆ రేకు తెగి తుపాకి గుండులా వస్తుంది. ఒకసారి అలాంటి ముక్క నా ముంజేతిలో దిగింది. బియ్యపు గింజలో సగం కూడా లేదు, తీయడానికి మాత్రం కత్తి పెట్టాల్సి వచ్చింది. అదే జానెడు పైకి వచ్చి ఉంటే కంట్లో పడేది. విచ్చుకున్న తలను ఎప్పటికప్పుడు సాన పట్టించాలి. కళ్లద్దాలు పక్కలనుంచి కూడా మూసి ఉండేవి కావాలి, చలవ కళ్లద్దాలు లెక్కలోకి రావు.

ఉలితో కూడా దుమ్ము వస్తుంది, రాదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కొట్టేముందు గోడను తడపండి. చేత్తో పంపు కొట్టే స్ప్రేయర్ సరిపోతుంది, కానీ చేలో పురుగుమందు కొట్టింది తేవద్దు, కొత్తది కొనండి. కరెంటు పనిముట్టు లేదు కాబట్టి ఇక్కడ నీళ్లతో భయం లేదు.

ఒట్టి కట్టర్

దీన్ని పోలికలో పెట్టడమే దండగ. అయినా ఊళ్లో ఎక్కువగా జరిగేది ఇదే గనక చెప్పాలి.

బ్లేడు సందులోకి లోతుగా దిగడం లేదని గార్డు విప్పేస్తారు. గార్డు పోయాక నాలుగించుల మిషన్‌కు ఐదించుల బ్లేడు బిగిస్తారు. ఆ బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగంకంటే తక్కువైతే అది ఎప్పుడైనా పగలొచ్చు. సందులో రాయి మధ్య బ్లేడు ఇరుక్కుంటే మిషన్ ఎదురుతంతుంది, ముఖం వైపే. నిచ్చెన మీద ఒంటిచేత్తో పట్టుకున్నవాడికి ఇంకేం మిగలదు. తలకు, మెడకు చుట్టుకున్న తువ్వాలు కొస బ్లేడులో చిక్కితే ఆ మెడనే లాక్కుంటుంది. దుమ్ము ఆపుతుందనుకున్న తువ్వాలు దుమ్మునూ ఆపదు, ప్రాణానికీ ముప్పు. వైరుకు ప్లగ్గు లేకుండా రెండు కొనలూ సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

దుమ్ము సంగతి కళ్లారా చూడాలంటే ఒక చిన్న పని చేయండి. పొద్దు గూకాక, వీధిలైటు లేని చోట, పని చేసే మనిషికి అవతల వైపు నుంచి ఫోను టార్చి వేసి ఇవతల నుంచి చూడండి. పగలు ఏమీ లేదనిపించిన గాలిలో పొగమంచులా తిరుగుతూ కనిపిస్తుంది. నేను గేటు స్తంభం మీద ముందు ఒట్టి కట్టర్‌తో ఇలా చూశాను. కట్టర్ ఆపి పది నిమిషాలైనా ఆ మంచు కిందికి దిగలేదు. తడిపి ఉలితో కొట్టినప్పుడు టార్చి వెలుగులో నాలుగు మెరుపులు కనిపించి సద్దుమణిగాయి. పక్కింటావిడ మిద్దె మీద ఆరబెట్టిన వడియాల మీద బూడిదరంగు పొర ఏ పద్ధతిలో పడిందో ఇంక చెప్పాలా? ఆమెకు ఇంకో కుండెడు పిండి నేనే రుబ్బించి ఇచ్చాను.

కట్టర్‌కు తొడుగు, వెనక వాక్యూమ్

పని పెద్దదైతే, గోడ నునుపుగా ఉంటే, ఇదే దారి. బ్లేడు చుట్టూ డొప్పలాంటి తొడుగు ఉంటుంది, దానికి గొట్టం, గొట్టానికి పారిశ్రామిక వాక్యూమ్. బ్లేడు ఎగజిమ్మిన పొడి గాలిలోకి పోకుండా గొట్టంలోకి పోతుంది. సందులు కోసే పనికి అమెరికా నిబంధన తన పట్టికలో చూపిన పద్ధతి ఇదొక్కటే. వాక్యూమ్ బలానికీ లెక్క ఉంది. బ్లేడు వ్యాసం ప్రతి అంగుళానికి నిమిషానికి 25 ఘనపు అడుగుల గాలి లాగాలి. నాలుగించుల బ్లేడుకు 100 ఘనపు అడుగులు, అంటే సుమారు 2,800 లీటర్లు. ఫిల్టరు 99 శాతమన్నా పట్టాలి, దాన్ని దులుపుకునే ఏర్పాటు గానీ, లావు పొడిని ముందే సుడి తిప్పి వేరుచేసే ఏర్పాటు గానీ ఉండాలి. ఇంట్లో సోఫాలు ఊడ్చే వాక్యూమ్ తగిలిస్తే లావు పొడిని సంచిలో ఉంచుకుని, అసలు ప్రమాదమైన సన్నపొడిని వెనక నుంచి ఊదుతుంది. అది లేకపోవడమే నయం, కనీసం భ్రమ ఉండదు.

వాడే తీరులోనూ కిటుకు ఉంది. తొడుగు గోడకు అతుక్కుని ఉండాలి. బ్లేడు తిరిగే దిక్కుకు ఎదురుగా మిషన్ నడపాలి, అప్పుడే పొడి గొట్టం నోటివైపు పోతుంది. వరస అయిపోయాక వెంటనే బయటికి లాగకుండా అరంగుళం వెనక్కి జరిపి, లోపలి పొడిని లాగేసేదాకా ఆగాలి. గొట్టం మెలిపడినా, సంచి నిండినా లాగుడు తగ్గుతుంది. చెవికి వాక్యూమ్ రొద మారినట్టు వినపడుతుంది, అప్పుడే ఆపి చూసుకోవాలి.

దీనికి రెండు లోట్లు. ధర మొదటిది: మంచి వాక్యూమ్ కట్టర్‌కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఒక్క గోడకోసం కొనడం అర్థం లేని పని, అద్దెకు దొరుకుతుందా అని ముందు అడగండి. రెండోదాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఎగుడుదిగుడు బండల గోడ మీద తొడుగు ఆనదు. ఒకవైపు ఆనితే ఇంకోవైపు రెండువేళ్ల సందు. ఆ సందులోంచి దుమ్మంతా మీ ముఖానికే. ఇటుక గోడకూ, చదునుగా చెక్కిన రాతికీ పనికొచ్చినంతగా మన పల్లెల్లోని బండల గోడకు ఇది పనికిరాదు. నిలువు సందుల్లో అసలు వద్దు, బ్లేడు పై ఇటుకనూ కింది ఇటుకనూ కోస్తుంది. కోపిష్టి కొడవలి పట్టినట్టుంటుంది.

నీళ్లు పోస్తూ కోస్తే పోదా అని అడుగుతారు. బండలు కోసే యార్డుల్లో అది చూసిన అలవాటు. అక్కడ మిషన్ అందుకోసమే తయారైంది. చేతి కట్టర్ మామూలు కరెంటుది, నీళ్లు లోపలికి పోతే షాకు. పైగా బురద సందులోనే పట్టుకుని, ఎండాక మళ్లీ పొడే అవుతుంది. నీళ్లు ఉన్నా లేకపోయినా, ఏ కరెంటు పనిముట్టుకైనా ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాకు కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్చి) ఉన్న బోర్డు నుంచే లైను తీసుకోండి.

అటూ ఇటూ ఊగే బ్లేడు మల్టీటూల్ కూడా ఉంది. నెమ్మది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. కిటికీ మూలల్లాంటి చిన్నచోట్లకు బాగుంటుంది.

సున్నపు గోడ అయితే ఆలోచించే పనే లేదు

కర్నూలు పాతబస్తీలోనో, ప్రొద్దుటూరు పాత వీధుల్లోనో తాతల నాటి ఇల్లుంటే, దాంట్లో మాలు గానుగ సున్నం అయ్యుండొచ్చు. గోటితో గీకితే తెల్లగా పొడి రాలుతుంది. దానికి ఉలే. కట్టర్ పెడితే మెత్తటి మాలుతోపాటు రాయి అంచులూ పోతాయి. తీసిన చోట సిమెంటు కూరితే ఇంకా చెడుపు. గట్టి సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, మెత్తటి రాయి పెచ్చులూడుతుంది. సున్నంలోనూ ఇసుకే ఉంటుంది కాబట్టి తడపడం, మాస్కు ఇక్కడా తప్పవు. గండికోట, సిద్ధవటం లాంటి రక్షిత కట్టడాల జోలికి మాత్రం ఉలితో కూడా పోవద్దు, అది పురావస్తు శాఖ పని.

మాస్కు ఆఖరున

మాస్కుతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ముందు దుమ్ము పుట్టకుండా చూడాలి, పుట్టింది సంచిలోకి పోవాలి, అప్పటికీ మిగిలినదానికి మాస్కు. తొడుగూ వాక్యూమూ ఉన్నా సందులు కోసేవాడికి మాస్కు తప్పనిసరి అని అదే అమెరికా నిబంధన చెబుతుంది. నాలుగు గంటల లోపు పనికి ఎన్95 తరహా మాస్కు చాలు. అంతకుమించితే ఫ్యానుతో గాలి ఊదే హుడ్ లాంటివి కావాలి. మన సైట్లలో ఆ హుడ్ నేనెక్కడా చూడలేదు. కాబట్టి దాని అర్థం ఒకటే: ఒక మనిషిని రోజుకు నాలుగు గంటలు మించి కోయించొద్దు, మనుషుల్ని మార్చండి.

మాస్కు కొనేటప్పుడు భారత ప్రమాణం ఐఎస్ 9473 గుర్తూ, ఎఫ్ఎఫ్‌పీ2 లేదా ఎఫ్ఎఫ్‌పీ3 అన్న రాతా చూడండి. చెవులకు తగిలించేవాటికంటే తల వెనక రెండు పట్టీలు ఉండేవి ముఖానికి బాగా ఆనుతాయి. కరోనా నాటి సర్జికల్ మాస్కు ఈ పనికి తువ్వాలుకు తమ్ముడు. గడ్డం ఉంటే ఏ మాస్కూ ఆనదు. ఈ మాట మేస్త్రికి చెప్పడానికి నేను రెండు రోజులు వెనకాడాను, ఆయనది మొక్కు గడ్డం. చివరికి ఆయన ఉలి పట్టాడు, కోసే పని నున్నగా గీసుకున్న కుర్రాడికి ఇచ్చాడు.

మన ఎండల్లో మాస్కు కింద ఊపిరాడదంటారు, నిజమే. ఏప్రిల్ మేలలో 42 డిగ్రీల్లో మధ్యాహ్నం ఎవరూ మాస్కు ఉంచుకోరు, మీరు అరిచినా సరే. ఈ పనిని మాఘ ఫాల్గుణాలకో కార్తీకానికో పెట్టుకోండి. తప్పకపోతే పొద్దున ఆరు నుంచి పదిదాకా చేసి ఆపేయండి.

సాయంత్రం పొడిని పొరకతో ఊడిస్తే పగలంతా పడ్డ జాగ్రత్త గాలిలో కలుస్తుంది. నీళ్లు చల్లి ఎత్తాలి. కంప్రెసరుతో సందులు ఊదడం కూడా అంతే, తడిగుడ్డతోనో బ్రష్షుతోనో తుడవాలి. చొక్కా ఇంట్లో దులపకుండా సైటులోనే మార్చుకుని, గోనెలో పెట్టి తీసుకుపోవాలి. ఆ చొక్కా దులిపే ఇల్లాలు కట్టర్ పట్టకపోయినా ఆ పొడే పీలుస్తుంది.

మా గోడకు ఏం చేశామంటే

మేస్త్రితో రెండు కాఫీల సేపు వాదన జరిగింది. వీధి వైపు చెక్కిన రాయి, గేటు స్తంభాల అడ్డ సందులు తొడుగు కట్టర్‌తో, అద్దె వాక్యూమ్ పెట్టి తీశాం. వెనక బండల గోడ అంతా తడిపి ఉలితో. స్తంభాల నిలువు సందులు కూడా ఉలితోనే. నిచ్చెన ఎక్కనివ్వలేదు, సరుగుడు కర్రలతో చిన్న పరంజా కట్టించాను. అందరికీ కళ్లద్దాలు, కట్టర్ పట్టినవాడికి చెవులకు ఇయర్‌మఫ్‌లు. ఇప్పటికి ఆరు రోజులు పట్టింది, ఒట్టి కట్టర్ లెక్కకంటే నాలుగు రోజులు ఎక్కువ. కూలి, అద్దె కలిసి పెరిగాయి, దాచేదేముంది.

మూడో రోజు సాయంత్రం వాక్యూమ్ సంచి విప్పి, నీళ్లు చల్లి గోనెలోకి దింపాం. దాదాపు గంపెడు బూడిద పిండి, ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తన. మేస్త్రి రెండు వేళ్లతో నలిపి చూశాడు. "ఇంతా తువ్వాల్లోంచి లోపలికి పొయ్యేదా అప్పా?" అన్నాడు. కుర్రాడు తన మాస్కు తీసి లోపలి వైపు చూసుకున్నాడు. తెల్లగానే ఉంది.

వెనక గోడలో ఇంకా రెండు వరసలు మిగిలాయి. సోమవారం పొద్దున ఆరింటికి వస్తామన్నారు, ఆదివారం సాయంత్రమే తడిపి ఉంచమని నాకు చెప్పి పోయారు.